మిత్సుయో మయెదా

మిత్సుయో మయెదా (నవంబర్ 18, 1878 - నవంబర్ 28, 1941) జపాను దేశానికి చెందిన సుప్రసిద్ధ జూడో యోధుడు, ఉపాధ్యాయుడు. స్పానిష్, పోర్చుగీసు భాషలు మాట్లాడే దేశాలలో ఇతడు "కోందె కోమా", అనగా కోమా ప్రభువు, అనే పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. 1904లో స్వదేశం విడిచి అమెరికా, ఐరోపా, క్యూబా, మెక్సికో దేశాలలో తిరుగుతూ మల్లయోధులతోను, ముష్టియోధులతోను పోటీలు చేశాడు. చివరకు బ్రెజిల్ దేశంలోని బెలెం నగరంలో స్థిరపడి అక్కడే మరణించాడు. ఇతడు నాటిన విద్య నుండే బ్రెజిలియన్ జియు-జిత్సు పుట్టింది. 1993లో మొదలైన అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్ పోటీలకు, నేటి మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ క్రీడకు ఆ విద్యే పునాది అయింది. సంప్రదాయ యుద్ధ విద్యలలోని ఏ పట్టు నిజమైన పోరులో పనిచేస్తుంది, ఏది పనిచేయదు అనే ప్రశ్నకు మయెదా జీవితం ఒక సుదీర్ఘమైన పరీక్ష వంటిది.

బాల్యము, విద్యాభ్యాసము

మయెదా జపానులోని హోన్షూ ద్వీపం ఉత్తరపు కొసన ఉన్న అవొమొరి ప్రాంతంలో, హిరోసాకి పట్టణానికి సమీపంలోని ఫునాజావా గ్రామంలో జన్మించాడు. చిన్ననాటి పేరు హిదేయో. బాల్యంలో సుమో కుస్తీ నేర్చుకున్నాడు. అయితే సుమో యోధుడికి కావలసిన భారీకాయం ఇతడికి లేదు. పెద్దవాడైన తరువాత కూడా ఎత్తు సుమారు 164 సెంటీమీటర్లు, బరువు 70 కిలోల లోపే. ఈ చిన్న శరీరమే తరువాతి కాలంలో ఇతడి పేరుప్రఖ్యాతులకు కారణమయింది.

పదిహేడు, పద్దెనిమిదేళ్ళ వయసులో చదువు కోసం టోక్యో నగరానికి వచ్చి, తరువాత వసేదా విశ్వవిద్యాలయంగా పేరు మారిన విద్యాసంస్థలో చేరాడు. 1897లో జిగోరో కానో స్థాపించిన కోదోకాన్ జూడో పాఠశాలలో విద్యార్థిగా నమోదయ్యాడు.

కోదోకాన్ శిక్షణ

కోదోకాన్ పద్ధతి ఎటువంటిదో తెలిస్తే తప్ప మయెదా సాధించిన విజయాలకు కారణం బోధపడదు. జిగోరో కానో (1860-1938) యువకుడిగా ఉన్నప్పుడు తెంజిన్ షిన్యో, కీతో అనే రెండు సంప్రదాయాలలో జుజుత్సు నేర్చుకున్నాడు. జుజుత్సు సమురాయిల కాలం నాటి ఆయుధరహిత యుద్ధవిద్య. 1868 మెయిజీ పునరుద్ధరణ తరువాత సమురాయి వర్గం అంతరించడంతో ఈ విద్యకు ఆదరణ తగ్గిపోయింది. కానో 1882లో టోక్యోలోని ఎయిషోజి అనే బౌద్ధాలయంలో పన్నెండు చాపల గదిలో కోదోకాన్‌ను ప్రారంభించాడు.

పాత జుజుత్సు పాఠశాలలలో శిక్షణ ఎక్కువగా "కతా" అనే పద్ధతిలో సాగేది. ఇద్దరు వ్యక్తులు ముందే నిర్ణయించుకున్న కదలికలను వరుసగా ప్రదర్శిస్తారు. ఒకడు దాడి చేస్తాడు, రెండవవాడు దానికి విరుగుడు చూపుతాడు. దాడి చేసినవాడు ఎదిరించడు. కళ్ళలో పొడవడం, వేళ్ళు విరవడం, మర్మస్థానాలపై కొట్టడం వంటి ప్రమాదకరమైన విద్యలను ఇలా తప్ప మరొక విధంగా సాధన చేయడం సాధ్యం కాదు. కానో అటువంటి వాటిని కతాలకు పరిమితం చేసి, మిగిలిన పడవేతలను, గొంతు పట్లను, కీళ్ళ పట్లను "రందోరి" అనే స్వేచ్ఛా సాధనకు ప్రధానంగా తీసుకున్నాడు. రందోరిలో ఇద్దరూ తమ శక్తినంతా ఉపయోగించి ఒకరినొకరు ఓడించడానికి ప్రయత్నిస్తారు. ఓటమి ఒప్పుకునేవాడు చేతితో చాపను తట్టగానే పట్టు వదిలివేయాలి. ప్రమాదకరమైన పట్లు తగ్గించినందువల్ల విద్య బలహీనపడుతుందని అనుకోవడం సహజం. కానీ జరిగింది దీనికి విరుద్ధం. ఎదిరించే మనిషి మీద రోజూ వందలసార్లు ప్రయోగించి చూసిన పట్టు సాధకుడి స్వంతమయింది. ఎన్నడూ ప్రయోగించి చూడని ప్రాణాంతక విద్య కేవలం జ్ఞాపకంగా మిగిలిపోయింది.

పొట్టిగా ఉన్న మయెదాకు శిక్షణ ఇచ్చే బాధ్యతను కానో తన తొలి శిష్యులలో ఒకడైన త్సునెజిరో తొమితాకు అప్పగించాడు. కోదోకాన్ తొలితరం నలుగురు మేటి యోధులలో తొమితా ఆకారంలో చిన్నవాడు. పెద్ద దేహం గలవారిని చిన్నవాడు ఎలా ఎదుర్కోవాలో చూపించడానికి అతడే తగినవాడని కానో భావించాడు. ఈ తొమితా కుమారుడు త్సునెయో తొమితా వ్రాసిన జూడో నవల ఆధారంగానే అకిరా కురొసావా 1943లో తన తొలి చలనచిత్రాన్ని నిర్మించాడు.

కొద్ది సంవత్సరాలలోనే మయెదా కోదోకాన్ రెండవ తరం యోధులలో అగ్రగణ్యుడయ్యాడు. ఇతడికి సమ ఉజ్జీగా నిలిచినవాడు సొయిషిరో సతాకే. సతాకే ఎత్తు సుమారు 175 సెంటీమీటర్లు, బరువు 80 కిలోలు. తరువాతి కాలంలో వీరిద్దరూ కలిసి ప్రపంచం చుట్టివచ్చారు.

అమెరికా ప్రయాణము

1904లో రష్యా-జపాను యుద్ధం మొదలయింది. చిన్న దేశమైన జపాను పెద్ద దేశమైన రష్యాను ఎదిరిస్తున్న తీరు చూసి పాశ్చాత్య దేశాలలో జపాను విద్యల పట్ల ఆసక్తి పెరిగింది. అదే సంవత్సరం కోదోకాన్‌కు చెందిన యమషితా యోషిత్సుగు అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్‌కు జూడో నేర్పాడు. ఈ ఘనతను కొందరు పొరపాటున మయెదాకు ఆపాదిస్తుంటారు. తొమితా, మయెదా 1904 నవంబరులో యొకోహామా రేవు నుండి బయలుదేరి డిసెంబరులో న్యూయార్క్ చేరుకున్నారు.

1905 ఫిబ్రవరిలో వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో వీరిద్దరూ ఇచ్చిన ప్రదర్శన మయెదా జీవితంలో ముఖ్యమైన ఘట్టం. మొదట గురుశిష్యులు కతాలను ప్రదర్శించారు. తరువాత ఒక సైనిక విద్యార్థి మయెదాతో తలపడి అతడిని చిత్తు చేశాడు. పాశ్చాత్య కుస్తీలో రెండు భుజాలూ నేలకు ఆనితే ఓటమి కనుక తానే గెలిచానని ఆ విద్యార్థి భావించాడు. జూడోలో అలా నేలకు ఆనడం అంతిమ ఓటమి కాదు. అందువల్ల మయెదా వెల్లకిలా ఉండే పోరు కొనసాగించి, కీలు పట్టు వేసి విద్యార్థి చేత ఓటమి ఒప్పించాడు.

అయితే ప్రేక్షకులు అంతటితో తృప్తిపడలేదు. గురువు కూడా బరిలోకి దిగాలని కోరారు. అప్పటికి తొమితా నడివయసుకు చేరువలో ఉన్నాడు. ప్రత్యర్థి అతడికంటే చాలా భారీ మనిషి. వెనుకకు వాలుతూ ప్రత్యర్థిని కాలితో తలమీదుగా విసిరే "తొమొయె" అనే పట్టు తొమితా ప్రయత్నించగా అది ఫలించలేదు. భారీకాయుడు అతడిని నేలకు అదిమివేశాడు. జపానులో ఎంతో పేరున్న గురువు ఒక విద్యార్థి చేతిలో ఈ విధంగా ఓడిపోవడం జూడో ప్రతిష్ఠకు దెబ్బ అయింది.

ఒకే రోజున జరిగిన ఈ రెండు పోటీలు రెండు విషయాలను బయటపెట్టాయి. మొదటిది, పోరు నేలమీదకు చేరిన తరువాత కూడా గెలవగల విద్య పాశ్చాత్యుల వద్ద అప్పుడు అరుదు. రెండవది, ఎంత గొప్ప విద్య అయినా బరువు, బలము, వయసు అనేవాటిని పూర్తిగా రద్దు చేయలేదు. కొంతకాలానికి గురుశిష్యులు విడిపోయారు. తొమితా తరువాత స్వదేశానికి తిరిగి వెళ్ళాడు. మయెదా అమెరికాలోనే ఉండి, విశ్వవిద్యాలయాలలో జూడో నేర్పుతూ, డబ్బు పందెం కట్టిన కుస్తీ పోటీలలో పాల్గొనడం మొదలుపెట్టాడు.

ఐరోపా పోటీలు

1907లో మయెదా బ్రిటన్ చేరుకున్నాడు. అప్పటికే యుకియో తానీ అనే జపాను యోధుడు లండన్ సంగీతశాలలలో సవాలు పోటీలు చేస్తూ జుజుత్సుకు పేరు తెచ్చాడు. ఆ పోటీలలో ప్రత్యర్థి కూడా దళసరి అంగీ తొడుక్కోవాలనే నియమం ఉండేది. జుజుత్సు గొంతు పట్లలోను, పడవేతలలోను అంగీ కాలరు, చేతులు పట్టుకోవడమే ఆధారం కనుక ఈ నియమం జపాను యోధులకు అనుకూలించేది.

1908 ప్రారంభంలో లండన్‌లోని అల్హంబ్రా నాటకశాలలో జరిగిన కుస్తీ పోటీలలో మయెదాకు ఆ అనుకూలత లేదు. అవి "క్యాచ్" కుస్తీ నియమాల ప్రకారం అంగీ లేకుండా జరిగాయి. ప్రత్యర్థిని చిత్తు చేయడమే గెలుపు. అలవాటు లేని నియమాలతో, తనకంటే ఎంతో బరువైన వారితో తలపడినప్పటికీ మయెదా భారీ బరువు విభాగంలో తుది పోటీ వరకు చేరి, జిమ్మీ ఎస్సన్ చేతిలో ఓడిపోయాడు. మధ్యమ బరువు విభాగంలో కూడా చివరి దశ వరకు నిలిచి ఓడాడు.

ఈ ఓటములు ఇతడికి ఎంతో నేర్పాయి. అంగీ పట్టుకోకుండానే మనిషిని ఎలా అదుపు చేయాలి, కుస్తీ యోధుడు కాళ్ళమీదకు దూకినప్పుడు ఏం చేయాలి, ముష్టియోధుడి పిడికిలి పరిధి దాటి లోపలికి ఎలా వెళ్ళాలి అన్న విషయాలు కోదోకాన్ చాపమీద తెలిసేవి కావు. కాలక్రమంలో మయెదా తనదైన పోరు క్రమాన్ని ఏర్పరచుకున్నాడు. మొదట మోచేతి దెబ్బతోనో, కింది భాగంపై తన్నుతోనో ప్రత్యర్థి దృష్టి మళ్ళించడం, ఆ అదనులో దగ్గరకు దూసుకుపోయి పట్టుకోవడం, పడవేయడం, నేలమీద గొంతు పట్టుతోనో, కీలు పట్టుతోనో ముగించడం. దెబ్బ, పట్టు, పడవేత, ముగింపు అనే ఈ నాలుగు మెట్ల వరుస ఎనభై ఏళ్ళ తరువాత వచ్చిన మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ పోటీలలో సర్వసాధారణమయింది.

కోందె కోమా

మయెదా 1908లో స్పెయిన్ వెళ్ళాడు. "కోందె కోమా" అనే పేరు అక్కడే వచ్చింది. ఆ సమయంలో ఇతడు డబ్బులేక ఇబ్బందులలో ఉన్నాడని, జపాను భాషలో ఇబ్బందిపడడం అనే అర్థమున్న "కొమారు" అనే మాటను కుదించి "కోమా" అని పెట్టుకున్నాడని చెబుతారు. "కోందె" అనేది స్పానిష్ భాషలో ప్రభువు అనే బిరుదు. దారిద్ర్యాన్ని సూచించే మాటకు ప్రభువు బిరుదు తగిలించుకున్న ఈ పేరు ఇతడి హాస్యప్రియత్వాన్ని సూచిస్తుంది. తరువాతి జీవితమంతా ఈ పేరుతోనే పిలువబడ్డాడు.

అదే సంవత్సరం చివరలో క్యూబాకు, 1909లో మెక్సికోకు వెళ్ళాడు. మెక్సికో నగరంలో తాను పడవేయలేని వారికి 100 పెసోలు, తనను పడవేసినవారికి 500 పెసోలు ఇస్తానని సవాలు ప్రకటించాడు. సతాకే ఇతడితో చేరాడు. మయెదా, సతాకే, అకితారో ఓనో, తొకుగోరో ఇతో అనే నలుగురు జూడో యోధులు క్యూబాలో పొందిన ఆదరణ వల్ల వారిని క్యూబా నలుగురు రాజులు అని వ్యవహరించారు.

డబ్బుకు పోరాడడం కోదోకాన్ ఆదర్శాలకు విరుద్ధం. కానో దృష్టిలో జూడో శీల నిర్మాణానికి, ఆరోగ్యానికి ఉద్దేశించిన విద్య. గోదాలలో పందెపు కుస్తీలు పట్టడం దానికి అపచారమని పలువురు జపానులో భావించారు. 1912లో కోదోకాన్ మయెదాకు ఐదవ "దాన్" శ్రేణి ప్రదానం చేసినప్పుడు ఈ కారణంగానే అభ్యంతరాలు వెలువడ్డాయి. అయినప్పటికీ శ్రేణి ఇవ్వబడింది. ఆదర్శంగా నిలిపిన విద్యకు, బయట పరీక్షకు నిలిచిన విద్యకు మధ్య ఉన్న ఈ పేచీ మయెదా జీవితమంతా కొనసాగింది. అదే సంవత్సరం ఇతడి ప్రపంచ యాత్రలపై ఒక పుస్తకం జపానులో ప్రచురింపబడి యువకులను ఆకర్షించింది.

బ్రెజిల్ జీవితము

1914 నవంబరులో మయెదా బ్రెజిల్ చేరుకున్నాడు. సతాకే మొదలైన సహచరులతో కలిసి ఆ దేశపు నగరాలలో ప్రదర్శనలిస్తూ ఉత్తరాన అమెజాన్ నది ముఖద్వారం వద్ద ఉన్న బెలెం నగరానికి, అక్కడి నుండి నదికి ఎగువన ఉన్న మనౌస్ నగరానికి వెళ్ళాడు. ఆ ప్రాంతం రబ్బరు వ్యాపారంతో సంపన్నమై, అప్పటికే ఆ వ్యాపారం క్షీణిస్తున్న దశలో ఉంది. సతాకే మనౌస్‌లో ఉండిపోయి జూడో నేర్పాడు. మయెదా మరికొంతకాలం దేశాలు తిరిగి, చివరకు బెలెంలో స్థిరపడ్డాడు. 1921లో అక్కడి రెమో క్రీడా సంఘంలో జూడో పాఠశాల ప్రారంభించాడు.

బెలెంలో గస్తావ్ గ్రేసీ అనే స్కాటిష్ సంతతి వ్యాపారి ఉండేవాడు. ఇతడికి సర్కస్ వ్యాపారంతో సంబంధం ఉండడంవల్ల మయెదాతో పరిచయమయింది. గస్తావ్ పెద్ద కుమారుడు కార్లోస్ గ్రేసీ (1902-1994) 1917 ప్రాంతంలో బెలెంలోని దా పాజ్ నాటకశాలలో మయెదా ప్రదర్శన చూసి ఆకర్షితుడై శిష్యుడయ్యాడని గ్రేసీ కుటుంబ కథనం. కార్లోస్ ఎక్కువకాలం నేర్చుకున్నది మయెదా శిష్యుడైన జసింతో ఫెర్రో వద్ద అని కొందరు చరిత్రకారులు అభిప్రాయపడ్డారు. ఏది ఏమైనప్పటికీ ఆ విద్యకు మూలం మయెదా అనే విషయంలో భేదాభిప్రాయం లేదు. గ్రేసీ కుటుంబంతో సంబంధం లేకుండా లూయిజ్ ఫ్రాన్సా, అతడి శిష్యుడు ఓస్వాల్దో ఫద్దా ద్వారా సాగిన మరొక శిష్యపరంపర కూడా మయెదా వరకే వెళుతుంది.

మయెదా జపాను విడిచిన రోజులలో జూడోను విదేశాలలో "కానో జుజుత్సు" అని కూడా పిలిచేవారు. అందువల్ల బ్రెజిల్‌లో ఆ విద్యకు జియు-జిత్సు అనే పాత పేరే స్థిరపడింది.

వలసదారుల సేవ

1920ల చివరినాటికి మయెదా పోటీల నుండి విరమించుకుని, అమెజాన్ ప్రాంతానికి జపాను వలసదారులను రప్పించే పనిలో నిమగ్నమయ్యాడు. 1929లో పారా రాష్ట్రంలోని తొమే-అసు వద్ద జపాను కుటుంబాల కాలనీ ఏర్పడింది. దట్టమైన అడవి, మలేరియా జ్వరాలు, అమ్ముడుపోని పంటల వల్ల తొలి సంవత్సరాలు దుర్భరంగా గడిచాయి. ఎంతోమంది కాలనీ వదలి వెళ్ళిపోయారు. మయెదాకు స్థానిక అధికారుల వద్ద ఉన్న పలుకుబడి వలసదారులకు ఆసరా అయింది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత మిరియాల సాగుతో తొమే-అసు సంపన్నమయింది. కానీ ఆ దశను చూడడానికి మయెదా జీవించి లేడు.

1930లో ఇతడు బ్రెజిల్ పౌరసత్వం స్వీకరించాడు. 1904లో విడిచిన జపానుకు మళ్ళీ తిరిగి వెళ్ళలేదు. 1941 నవంబర్ 28న మూత్రపిండాల వ్యాధితో బెలెంలో మరణించాడు. అంతకు ముందురోజే కోదోకాన్ ఇతడికి ఏడవ "దాన్" శ్రేణి ప్రకటించింది. ఆ వార్త ఇతడికి చేరలేదు. తొమ్మిది రోజుల తరువాత పెర్ల్ హార్బర్ దాడితో జపాను, అమెరికాల మధ్య యుద్ధం మొదలయింది.

శిష్యపరంపర

గ్రేసీ కుటుంబం రియో ది జనైరో నగరానికి తరలివెళ్ళింది. అక్కడ కార్లోస్ 1925లో పాఠశాల స్థాపించాడని చెబుతారు. అతడి తమ్ముడు ఎలియో గ్రేసీ (1913-2009) సన్నని శరీరం కలవాడు. బలంతో పడవేయడం కంటె, కింద వెల్లకిలా ఉండి కాళ్ళతో ప్రత్యర్థిని బంధించి, ఓపికగా అతడి తప్పు కోసం ఎదురుచూసే పద్ధతిని ఎలియో అభివృద్ధి చేశాడు. వెస్ట్ పాయింట్‌లో మయెదా చూపినది ఈ పద్ధతికి బీజం వంటిది. "వాలే తుదో", అనగా అన్నీ చెల్లుతాయి, అనే పేరుతో జరిగే స్వల్ప నియమాల పోటీలలో గ్రేసీలు ఇతర విద్యల వారికి సవాళ్ళు విసిరేవారు.

1951 అక్టోబర్ 23న రియో నగరంలోని మరకానా మైదానంలో ఎలియోకు, జపాను జూడో వీరుడు మసాహికో కిమురాకు పోటీ జరిగింది. కిమురా ఎంతో బరువైనవాడు, బలవంతుడు. రెండవ భాగంలో అతడు ఎలియో చేతిని వెనుకకు మెలితిప్పి కీలు పట్టు వేశాడు. చేయి విరిగినా ఎలియో ఓటమి ఒప్పుకోలేదు. కార్లోస్ తువ్వాలు విసిరి పోటీ ఆపించాడు. ఈ గౌరవసూచకంగా ఆ పట్టుకు బ్రెజిల్ యోధులు "కిమురా" అనే పేరు పెట్టారు. జూడోలో దాని పాత పేరు "ఉదె గరామి". తమను ఓడించిన పట్టుకు ఓడించినవాడి పేరు పెట్టి, దానిని తమ విద్యలో చేర్చుకోవడం ఈ సంప్రదాయపు లక్షణం.

మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్‌లో పరీక్ష

1993 నవంబర్ 12న అమెరికాలోని డెన్వర్ నగరంలో మొదటి అల్టిమేట్ ఫైటింగ్ ఛాంపియన్‌షిప్ జరిగింది. దీని రూపకర్తలలో ఎలియో కుమారుడు రోరియన్ గ్రేసీ ఒకడు. ముష్టియుద్ధం, కిక్ బాక్సింగ్, కరాటే, సుమో, ఫ్రెంచి సవాత్ మొదలైన వివిధ విద్యలకు చెందిన ఎనిమిదిమంది పాల్గొన్నారు. బరువు విభాగాలు లేవు. కొరకడం, కళ్ళలో పొడవడం నిషేధం. ఎలియో మరొక కుమారుడు రాయ్స్ గ్రేసీ సుమారు 80 కిలోల బరువుతో, జూడో తరహా తెల్లని అంగీ ధరించి దిగి, ఒకే రాత్రి ముగ్గురిని నేలమీద లొంగదీసి విజేతగా నిలిచాడు. 1994లో మరి రెండు పోటీలను కూడా గెలుచుకున్నాడు. మయెదా మరణించిన 52 సంవత్సరాలకు అతడి నాలుగు మెట్ల వరుస ప్రపంచానికి తెలిసింది.

ఆ తరువాతి కాలంలో సంప్రదాయ విద్యలన్నీ ఈ బరిలో పరీక్షకు గురయ్యాయి. వాటి ఫలితాలను ఈ విధంగా సంగ్రహించవచ్చు.

* గొంతు పట్లు, కీళ్ళ పట్లు: జూడోలో "హదాకా జిమె" అని పిలిచే వెనుక నుండి వేసే గొంతు పట్టు, చేతిని నిటారుగా చాపి మోచేతి కీలును వంచే "జూజి గతామె", కాళ్ళతో మెడను బిగించే "సన్‌కాకు జిమె", కిమురా పట్టు దాదాపు మార్పు లేకుండా నిలిచాయి. అంగీ కాలరుతో వేసే గొంతు పట్లు మాత్రం అంగీ లేని పోటీలలో నిరుపయోగమయ్యాయి.
* పడవేతలు: అంగీ చేతులు పట్టుకుని వేసే జూడో పడవేతలను భుజాలు, మెడ, నడుము పట్టుకుని వేసే విధంగా మార్చుకోవలసి వచ్చింది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో జూడో కాంస్య పతకం పొందిన రోండా రౌజీ అలా మార్చుకున్న పడవేతలతోను, జూజి గతామె పట్టుతోను 2013లో ఈ సంస్థ నిర్వహించిన మొదటి మహిళా పోటీలో విజయం సాధించింది.
* పాశ్చాత్య కుస్తీ: 1990ల మధ్యనుండి కుస్తీ యోధులు నేల పట్ల విరుగుళ్ళు నేర్చుకుని, పైన ఉండి కొట్టే పద్ధతితో ఆధిక్యం పొందారు. 2000లో కజుషి సకురాబా అనే జపాను క్యాచ్ కుస్తీ యోధుడు రాయ్స్ గ్రేసీతో 90 నిమిషాలు పోరాడి గెలిచాడు.
* కరాటే: తొలి పోటీలలో కరాటే యోధులు నేలమీద నిస్సహాయులుగా కనిపించడంతో ఆ విద్య పనికిరాదనే అభిప్రాయం వ్యాపించింది. లియోతో మచీదా దీనిని మార్చివేశాడు. జపాను సంతతివాడైన ఇతడు మయెదా స్థిరపడిన బెలెం నగరంలోనే పెరిగి, తండ్రి వద్ద షోతోకాన్ కరాటే నేర్చుకున్నాడు. దానికి తోడు సుమో, జియు-జిత్సు కూడా అభ్యసించాడు. 2009లో యు.ఎఫ్.సి. లైట్ హెవీవెయిట్ విజేత అయ్యాడు. 2011లో కరాటే ముందు తన్నుతో ర్యాండీ కోచూర్‌ను పడగొట్టాడు. దూరాన్ని కొలిచి అదనుచూసి దెబ్బతీసే కరాటే నేర్పు, పడవేతలను అడ్డుకునే సాధన తోడైనప్పుడు ఎంత ప్రమాదకరమో ఇది నిరూపించింది.
* కేవలం కతాలతో సాగే విద్యలు: ఎదిరించే ప్రత్యర్థితో సాధన లేకుండా నేర్చుకున్న పద్ధతులు నిలువలేకపోయాయి. 2017లో చైనాలోని చెంగ్డూ నగరంలో షూ షియాదోంగ్ అనే మిక్స్‌డ్ మార్షల్ ఆర్ట్స్ యోధుడు తాయ్ చీ గురువుగా పేరున్న వెయ్ లెయ్‌ని అర నిమిషం లోపే ఓడించడం చైనాలో పెద్ద వివాదానికి దారితీసింది.

ఈ ఫలితాలను అన్వయించేటప్పుడు నియమాలను కూడా గమనించాలి. మొదటి పోటీలలో కాలపరిమితి ప్రభావం లేదు. 1995లో కాలపరిమితి, 1997లో బరువు విభాగాలు, తప్పనిసరి చేతితొడుగులు వచ్చాయి. ఓపికగా ఎదురుచూసే గ్రేసీల పద్ధతికి కాలపరిమితి ప్రతికూలమయింది. వేళ్ళు విరవడం, మర్మస్థానాలపై కొట్టడం వంటివి నిషేధం కనుక వాటిని ప్రధానంగా బోధించే విద్యలు బరిలో తమ సత్తా చూపలేవనే వాదన ఉంది. అయితే ఎదిరించే మనిషిని అదుపు చేయలేనివాడు అతడి వేలిని గాని, కంటిని గాని చేరుకోవడమే కష్టమనేది దీనికి సమాధానం. ఈ సమాధానం కానో రందోరిని ప్రవేశపెట్టిన నాటిదే.

అంచనా

మయెదా కొత్త పట్టు ఏదీ కనిపెట్టలేదు. ఇతడు ప్రయోగించినవన్నీ కోదోకాన్‌లో ఉన్నవే. వాటిని పరాయి నియమాలలో, పరాయి యోధుల మీద, ఓటమికి సిద్ధపడి పరీక్షించడం, పనికివచ్చిన దానిని నిలుపుకోవడం, లోపించిన దానిని ఇతర విద్యల నుండి గ్రహించడం ఇతడి ప్రత్యేకత. సంప్రదాయం పేరును బట్టి గాని, ప్రాచీనతను బట్టి గాని విద్య నిలువదని, సాధన చేసే తీరును బట్టి నిలుస్తుందని ఇతడి శిష్యపరంపర చరిత్ర తెలుపుతుంది. జూడో ఒలింపిక్ క్రీడగా 1964లో టోక్యోలో ప్రవేశించి ఒక దారిలో వెళ్ళింది. క్రమంగా నేలమీది పోరుకు అందులో సమయం తగ్గింది. బ్రెజిల్‌లో నాటిన శాఖ మరొక దారిలో వెళ్ళి నేలమీది పోరునే ప్రధానంగా పెంచుకుంది. ఈ రెండు శాఖలకూ మూలం ఎయిషోజి ఆలయంలోని పన్నెండు చాపల గదియే.

స్మారక చిహ్నాలు

1956లో హిరోసాకిలో మయెదా స్మారక శిల నెలకొల్పబడింది. బెలెం నగరంలో ఇతడి పేరును జూడో, జియు-జిత్సు సాధకులు నేటికీ గౌరవంతో స్మరిస్తారు. ప్రపంచంలో బ్రెజిలియన్ జియు-జిత్సు నేర్పే పాఠశాలలలో గురుపరంపరను చెప్పేటప్పుడు కానో తరువాత వచ్చే పేరు సాధారణంగా మిత్సుయో మయెదాదే.